హజరత్తయ్య గారు గొడుగు మరిచారు

మా హజరత్తయ్య గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. వస్తువులు మరిచిపోతారు. మీరూ నేనూ మరిచినట్టు కాదు. మనం కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే బాపతు. ఆయన కళ్లజోడు లైబ్రరీలో, దాని డబ్బా పరీక్షల విభాగంలో, అద్దాలు తుడుచుకునే గుడ్డ డాక్టరమ్మ గదిలో వదిలేసే బాపతు. కుడికాలి చెప్పు ఒక భవనం ముందు, ఎడమకాలి చెప్పు ఇంకో భవనం ముందు వదిలి, మధ్యలో మండే ఇసుక మీద ఉత్త కాళ్లతో తాపీగా నడిచొచ్చే మనిషిని నేను ఆయన్ని తప్ప ఇంకొకరిని చూడలేదు.

అలాంటి మనిషి చేసే ఉద్యోగం ఏమిటంటే, మా విశ్వవిద్యాలయంలో విద్యార్థి సహాయ కేంద్రానికి సూపరింటెండెంటు. హాస్టలు గొడవలు, స్కాలర్‌షిప్పులు, వైద్యం, ఇంగ్లీషు రానివాళ్లకు సాయంత్రం క్లాసులు, ఉద్యోగాల ఇంటర్వ్యూలు, మనసు బాగోలేనివాళ్లకు కౌన్సెలింగు, అన్నీ ఆయన చేతి కిందే. ఆయన్ని ఆ కుర్చీలో ఎవరు కూర్చోబెట్టారో వాళ్లు కూడా మతిమరుపులోనే కూర్చోబెట్టి ఉంటారని స్టాఫ్ రూములో అనుకునేవాళ్లు.

మా విశ్వవిద్యాలయం నెల్లూరికి తూర్పున, సరుగుడు తోటలు అయిపోయి రొయ్యల గుంటలు మొదలయ్యే చోట ఉంది. ఇక్కడి ఉప్పుగాలికి తాళాలు తుప్పు పడతాయి, నోటీసు బోర్డు మీద కాగితం పూట కూడా నిలవదు. వాన మాత్రం తుఫాను పడితే తప్ప రాదు. అయినా హజరత్తయ్య గారి చంకలో ఏడాది పొడుగునా ఒక నల్ల గొడుగు ఉంటుంది. ఉంటుంది అనడం అబద్ధం. ఉదయం ఉంటుంది. పది దాటాక అది ఏ గదిలో ఉందో కనుక్కోవడం విద్యార్థుల వంతు.

"ఒరే అబ్బయా, ఇట్ట రా. నా గొడుగు రేవతమ్మ గదిలో మరిచిపొయ్యినా. రవ్వంత తెచ్చిపెట్టు నాయనా."

"ఎండ కాస్తావుంది గదా సార్."

"మరి ఎండలో గొడుగు లేకుండా ఎట్ట తిరగమంటావు?"

"మబ్బేసినప్పుడు కూడా ఇదే చెప్పినారు సార్."

"మబ్బేస్తే వాన రాదా? పో, పొయ్యి తీసుకురా."

ఈ రేవతమ్మను నేనే. బుచ్చిరెడ్డిపాలెంలో వరి పండించుకునేవాళ్ల పిల్లను. మనస్తత్వశాస్త్రం చదివి ఇక్కడ కౌన్సెలర్‌గా చేరాను. చేరిన రోజున నా గదికి కొత్త కర్టెన్లు, మెత్తటి కుర్చీలు, గోడకు లేతనీలం రంగు వేయించారు. అన్నీ ఉన్నాయి. వచ్చేవాళ్లే లేరు. ఆ గదిలోకి పోయినవాడికి మెదడు వదులైందని హాస్టల్లో అప్పటికే ప్రచారం జరిగిపోయింది. పిల్లలు నా తలుపు ముందు నుంచి నడవాల్సి వస్తే తల తిప్పుకుని వడివడిగా పోయేవాళ్లు. ఇక లాభం లేదని ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మతో 'మనసు విప్పి మాట్లాడండి' అని ఒక పోస్టరు వేయించి తలుపు పక్కన అంటించాను. దాన్ని గాలి ఎత్తుకుపోయింది. తర్వాత సైకిల్ స్టాండ్ దగ్గర ఒక మేక సూర్యుడి దాకా తిని ఆగి ఉండగా చూశాను.

ఆ రోజుల్లో నా గదికి వచ్చిన పిల్లలంటే గొడుగు కోసం వచ్చినవాళ్లే.

"మేడమ్, హజరత్తయ్య సార్ గొడుగంట."

ఆ గొడుగు ఎప్పుడూ గది చివర, కిటికీ మూలన ఉండేది. తీసుకోవాలంటే లోపలి దాకా రావాలి. వచ్చిన మనిషిని మంచినీళ్లయినా ఇవ్వకుండా పంపితే మా అమ్మ నన్ను బతకనివ్వదు. అందుకని కూర్చోమనేదాన్ని. కూర్చునేవాళ్లు. ఏ ఊరు అనేదాన్ని. చెప్పేవాళ్లు. నిద్ర సరిగ్గా పడుతోందా అనేదాన్ని. అక్కడి నుంచి మొదలయ్యేది. పేరు చెప్పకూడని ఒక అబ్బాయి కంప్యూటర్ ల్యాబులో అడుగుపెడితే చేతులు వణుకుతాయని నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అదీ గొడుగు చేతిలో పట్టుకునే చెప్పాడు. మాట్లాడటం అయ్యాక తేలికపడి లేచి వెళ్లిపోయేవాళ్లు. గొడుగు మాత్రం అక్కడే మరిచిపోయేవాళ్లు. మతిమరుపు అంటువ్యాధేమోనని నాకు నిజంగానే అనుమానం వచ్చింది.

నెలాఖరు నివేదికలో మాత్రం, నా పోస్టరు వల్ల విద్యార్థుల్లో చైతన్యం వచ్చిందని రాసి పంపాను.

హజరత్తయ్య గారు వస్తువులతో ఆగి ఉంటే బాగుండేది. ఒకసారి భార్యనే మరిచిపోయారు. ఆవిడ పేరు మాలకొండమ్మ. సాయంత్రం క్లాసులు వదిలే వేళ, రోజా అనే మొదటి సంవత్సరం పిల్లను పిలిచి, "అమ్మా, మా ఆవిడను లేడీస్ హాస్టల్ గేటు కాడ మరిచిపొయ్యినా. రవ్వంత పిలుచుకొని రా తల్లా" అన్నారు. రోజా బిత్తరపోయి వెళ్లింది. గేటు దగ్గర బెంచీ మీద మాలకొండమ్మ గారు పట్టుచీర కట్టుకుని, ఒళ్లో జంతికల్లాంటి మనుబూల గిన్నె పెట్టుకుని కూర్చుని ఉన్నారట.

"సార్ మిమ్మల్ని పిలుచుకురమ్మన్నాడమ్మా."

"ఆయనకేం తొందర? కూసో. నువ్వు అన్నం తిని ఎన్నాళ్లయింది? మొహం చూడు ఎట్ట పీక్కపొయ్యుందో."

ఊరి మీద బెంగతో రోజా ఆ వారం హాస్టల్ అన్నం ముట్టలేదని అప్పట్లో మాకెవరికీ తెలియదు. భార్యను మరిచిపోయిన మొగుడి కథ మాత్రం పరీక్షల విభాగం నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ తెలిసి, అందరూ పొట్ట పట్టుకుని నవ్వుకున్నారు. నవ్వనిది ఒక్క రిజిస్ట్రారు గారే.

రిజిస్ట్రారు పద్మనాభయ్య గారికీ మరుపుకీ పడదు. ఆయన టేబుల్ మీద పేపర్‌వెయిట్ చుట్టూ పెన్సిల్‌తో గీత ఉంటుంది. పెన్నుల స్టాండు చుట్టూ గీత, టెలిఫోన్ చుట్టూ గీత, కళ్లజోడు పెట్టే చోట రెండు సున్నాలు. ఏ వస్తువూ గీత దాటకూడదు. మధ్యాహ్నం భోజనం కూడా ఒక్కరే కిటికీ దగ్గర నిలబడి తింటారు. కూర్చుంటే టేబుల్ మీద మరకలు పడతాయట. ఆయన అరుపు వినబడితే వరండాలో పిల్లలు దారి మార్చుకుంటారు.

అలాంటి టేబుల్ మీద, అది కూడా పైనుంచి తనిఖీ బృందం వచ్చిన రోజున, హజరత్తయ్య గారు తన క్యారేజీ మరిచిపోయారు.

అందులో ఉన్నది చేపల పులుసు. ముందురోజు కాచిన పులుసు. మామిడికాయ వేసినది. నెల్లూరువాళ్లకు నేను ఇంకేమీ చెప్పక్కర్లేదు. బృందం అనుకున్నదానికన్నా ముందే వచ్చి ఆ గదిలోనే కూర్చుంది, క్యారేజీ తీసే వ్యవధి లేకపోయింది. రిజిస్ట్రారు గారు తెర మీద బొమ్మలు చూపిస్తూ మా వ్యవస్థ ఎంత క్రమబద్ధమో వివరిస్తున్నారు. బృందం నాయకుడు తెర వైపు చూడటం మానేసి ముక్కు ఎగబీలుస్తున్నాడు. చివరికి ప్రశ్నలేమైనా ఉన్నాయా అని రిజిస్ట్రారు గారు అడిగితే, అది వంజరమా, కొరమేనా అని అడిగాడు. తనిఖీ నివేదికలో మా విశ్వవిద్యాలయం గురించి రాసిన మంచి మాట ఒక్కటే. భోజన వసతి సువాసనగా ఉన్నదని.

మరునాడే ఉత్తర్వు వచ్చింది. హజరత్తయ్య గారికి మతి స్థిరంగా లేనందున ఆయన్ని సహాయ కేంద్రం నుంచి తప్పించి, వెనక గేటు దగ్గరున్న పాత సామాన్ల గోడౌనుకు మార్చడానికి విచారణ జరుపుతున్నారు. విచారణ సోమవారం. మానసిక నిపుణురాలిగా నేను ఆయన జ్ఞాపకశక్తిని పరీక్షించి, ఉందో లేదో చెప్పాలి. నా మాట మీదే నిర్ణయం.

శనివారం ఆయన్ని నా గదిలో కూర్చోబెట్టాను.

"ఈ రోజు ఏ వారం సార్?"

"నీకు తెలిసిందే గదమ్మా. నన్నెందుకు అడగడం?"

"నేను మూడు మాటలు చెప్తాను, గుర్తు పెట్టుకోండి. కొబ్బరికాయ, బస్సు, దీపం."

"బస్సెక్కి కొబ్బరికాయ కొట్టి దీపం పెట్టేదానికి యాడికి పోవాల? పెంచలకోనకా?"

"పోవడం కాదు సార్. కాసేపటికి మళ్లీ అడుగుతాను, చెప్పాలి."

కాసేపాగి అడిగాను. ఆయన నా వంక జాలిగా చూసి, "మరిచిపొయ్యినావా తల్లా? ఈ వయసులోనే" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. పెద్దాయనకు నిజంగానే జబ్బేమో, మేమంతా ఇన్నాళ్లూ దాన్ని చూసి నవ్వుకున్నామేమో అనిపించింది. ఆయన వెళ్లాక గదిలో ఉండలేక, స్కాలర్‌షిప్ విభాగం వైపు నడిచాను. సెలవు రోజు. వరండాలో ఎవరూ లేరు. విభాగం తలుపు తెరిచి ఉంది. లోపల హజరత్తయ్య గారు ఉన్నారు.

గొడుగును గుమస్తా కుర్చీ పక్కన ఆనించి రెండడుగులు వెనక్కి వేశారు. చూశారు. తల అడ్డంగా ఊపారు. మళ్లీ వెళ్లి, పిడి తలుపు వైపు కనబడేలా తిప్పారు. తలుపు దగ్గరికి వచ్చి, కుర్రవాడి ఎత్తుకు కాస్త వంగి, అక్కడి నుంచి పిడి కనిపిస్తుందో లేదో చూసుకున్నారు. పెళ్లిచూపులకు హాలు సర్దేవాళ్లు కూడా అంత జాగ్రత్త పడరు. అప్పుడు వెనక్కి తిరిగి నన్ను చూశారు.

"ఏంది సార్ ఇది?"

"మరిచిపోతుండా" అన్నారు.

"ఇట్టనా మరిచిపొయ్యేది?"

"మరి? మరిచిపోవడమంటే ఎంత జాగ్రత్తగా చెయ్యాల్సిన పనో నీకేం తెలుసమ్మా."

నేను గుమస్తా కుర్చీలో కూలబడ్డాను. ఆయన తలుపు దగ్గరగా వేసి, ఎదురుగా కూర్చున్నారు.

"మన పిల్లకాయలు ఎట్టాంటోళ్లో నీకు తెల్దా రేవతమ్మా? తమ కోసమని ఏ వాకిలీ తొక్కరు. నాకు కష్టంగా ఉందని చెప్పడమంటే వాళ్లకు తల తీసేసినట్టు. అదే పెద్దోడు ఒక పని చెప్తే కాదనరు. నీ గదిలోకి పోతే ఎందుకు పొయ్యావురా అని హాస్టల్లో అడుగుతారు. గొడుగు కోసం పొయ్యినానంటే ఎవడడుగుతాడు?"

"అందరూ మిమ్మల్ని చూసి నవ్వుతున్నారు గదా సార్."

"నన్ను చూసి నవ్వితే ఏం పొయ్యింది? వాళ్లను చూసి నవ్వకపోతే చాలు. నేను చదువుకునేటప్పుడు ఇట్టాంటి ఆఫీసు గడప దాకా పొయ్యి ఎన్నిసార్లు వెనక్కొచ్చినానో. లోపలికి పోడానికి ఒక వంక దొరకలా."

నాకు ఒక్కొక్కటే వెలుగుతోంది. లైబ్రరీలో కళ్లజోడు, డాక్టరమ్మ గదిలో గుడ్డ, హాస్టల్ గేటు దగ్గర మాలకొండమ్మ.

"ఆవిడకు కూడా తెలుసా?"

"తెలీకుండా ఎట్ట? ఈసారి నన్ను యాడ మరిచిపోతావో ముందే చెప్పు, దానికి తగ్గ చీర కట్టుకుంటానంటది."

ఇంకొకటి కూడా వెలిగింది. నేను చేరిన కొత్తల్లో, ఎవరితోనూ మాటల్లేక గదిలోనే ఒంటరిగా డబ్బా విప్పుకుని తినేదాన్ని. ఒక మధ్యాహ్నం ఈయన వచ్చి, మెస్సులో ఎడమకాలి చెప్పు మరిచిపోయానని, తెచ్చిపెట్టమని నన్ను పంపారు. కౌన్సెలర్‌ను పట్టుకుని చెప్పు తెమ్మంటాడా అని తిట్టుకుంటూ వెళ్లాను. మెస్సులో వంట చేసే కామమ్మ, చెప్పు సంగతి పక్కనపెట్టి, నన్ను తన పక్కన పీట వేసి కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచి నా భోజనం అక్కడే. కోపం రావాలో, ఏడుపు రావాలో తెలియక నేను నవ్వాను.

"మరి పులుసు క్యారేజీ ఎవరి కోసం పెట్టారు?"

"పెంచల్ కోసం" అన్నారు.

పెంచల్ దొరవారిసత్రం అవతల పులికాట్ సరస్సు ఒడ్డునుంచి వచ్చిన కుర్రాడు. చివరి సంవత్సరం. వాళ్ల నాయన ముత్యాలయ్యకు చెయ్యి విరిగితే, చేపల కాలం పోతుందని వీడు పడవెక్కాడు. కాలేజీకి హాజరు తగ్గింది. పరీక్ష రాయాలంటే రిజిస్ట్రారు గారు మినహాయింపు ఇవ్వాలి. ఆ గదిలోకి వెళ్లి అడగడం తన వల్ల కాదని, తడ దగ్గర ఏదో కంపెనీలో చేరిపోతానని పెట్టె సర్దుకుంటున్నాడు.

"క్యారేజీ తెమ్మని వాణ్ని పంపిస్తే రిజిస్ట్రారు కంట్లో పడతాడు, ఆయనే అడుగుతాడనుకున్నా. ఈ తనిఖీవోళ్లు ముందే వచ్చి కూసున్నారు."

"సార్, సోమవారం ఈ సంగతంతా చెప్పేస్తాను. మిమ్మల్ని ఎవరూ కదపలేరు."

"చెప్తే మంగళవారం నుంచి నా గొడుగు కోసం ఎవడొస్తాడు?"

మతిమరుపు ఉందంటే ఆయన గోడౌనుకు పోతారు. లేదంటే గొడుగు పని అయిపోతుంది. ఆదివారమంతా బుచ్చిలో మా ఇంట్లో అన్నం కెలుకుతూ కూర్చుంటే, మా అమ్మ నన్నే ఎవరికైనా చూపించమంది.

సోమవారం రిజిస్ట్రారు గారి గదిలో క్యారేజీ టేబుల్ మీద సాక్ష్యంగా ఉంది. బాగా కడిగించి, చుట్టూ పెన్సిల్ గీత గీయించారు. హజరత్తయ్య గారు ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేను పక్కన.

"ఈ క్యారేజీ ఎవరిది?" అన్నారు రిజిస్ట్రారు గారు.

"బాగుండాది సార్. తమరిదా?"

"నా పేరేమిటో చెప్పండి."

"నిన్నటి దాకా గుర్తుండె సార్."

రిజిస్ట్రారు గారు నా వైపు తిరిగేలోగా తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు. పెంచల్. నల్లగా, పొడుగ్గా, తలుపు చట్రం పట్టుకుని నిలబడ్డాడు.

"సార్, హజరత్తయ్య సార్ క్యారేజీ తెమ్మన్నాడు సార్."

"ఆయన ఇక్కడే కూర్చుని ఉన్నాడు కదయ్యా. క్యారేజీ ఆయన ముందే ఉంది."

పెంచల్ ఆయన్ని చూశాడు. క్యారేజీని చూశాడు. "నేను యాడుండానో నాకే గుర్తుండదు, నేను దాని పక్కనే కూసోనున్నా సరే నువ్వు పొయ్యి తీసుకురా అన్నాడు సార్."

హజరత్తయ్య గారు ఫ్యాన్ రెక్కలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నారు.

"ఏ సంవత్సరం నువ్వు?"

"చివరి సంవత్సరం సార్."

"పరీక్షలు పెట్టుకుని క్యారేజీలు మోస్తున్నావా?"

పెంచల్ నేల చూపులు చూశాడు. "పరీక్ష రాయడంలా సార్. హాజరు చాల్లేదు." ఆ తర్వాత ఆగలేదు. నాయన చెయ్యి, పడవ, సరస్సులో నీళ్లు తగ్గకముందే చేపలు పట్టుకోవాల్సి రావడం, అన్నీ చెప్పేశాడు. చెప్పడం అయ్యాక తనే బిత్తరపోయి నోరు మూసుకున్నాడు.

రిజిస్ట్రారు గారు కళ్లజోడు తీశారు. "ఇటువంటి కారణాలకు నిబంధనల్లో మినహాయింపు ఉంది. నాయన చికిత్స కాగితాలు తీసుకుని మధ్యాహ్నం రా. సంతకం చేస్తాను. ముందే వచ్చి అడగొచ్చు కదా? నేనేమైనా పులినా?"



పెంచల్ దండం పెట్టి ఒక్క పరుగున వెళ్లిపోయాడు. క్యారేజీ గీత మధ్యలో అలాగే ఉంది. రిజిస్ట్రారు గారు దాని వంక చూశారు. తెరిచి ఉన్న తలుపు వంక చూశారు. ఫ్యాన్ చూస్తున్న హజరత్తయ్య గారి వంక చూశారు. మతిస్థిమితం బాగా ఉన్న మనిషి కదా, ఆయనకు లెక్క కుదరడానికి ఎంతోసేపు పట్టలేదనుకుంటాను.

"రేవతి గారూ, మీ అభిప్రాయం?"

నాకు అప్పుడే మాట దొరికింది. "నయంకాని మతిమరుపు సార్. ముదిరిపోయింది. గోడౌనులో ఒంటరిగా పెడితే మనిషి దక్కడు. పిల్లల మధ్య ఉంటేనే అదుపులో ఉంటుంది."

"అలాగా" అని ఆయన ఉత్తర్వు మీద అడ్డగీత కొట్టారు. "హజరత్తయ్య గారూ, మీరు మీ సీటులోనే ఉండండి. ఒక్కటే షరతు. ఇకమీదట నా గదిలో మరిచేది వాసన లేనిదై ఉండాలి."

"ఏది సార్?" అన్నారు హజరత్తయ్య గారు.

పెంచల్ పరీక్ష రాశాడు. ఎండాకాలం సెలవులు వచ్చాయి. పిల్లలంతా ఊళ్లకు పోయారు. ఆకాశంలో చేటంత మబ్బు కూడా లేని ఒక మధ్యాహ్నం, నా తలుపు మీద ఎవరో తట్టారు. చూస్తే రిజిస్ట్రారు గారు.

"హజరత్తయ్య గారు గొడుగు ఇక్కడ మరిచారట. పిల్లలెవరూ లేరు కదా, రవ్వంత తెచ్చిపెట్టమని నన్ను పంపారు."

సూపరింటెండెంటు పంపితే రిజిస్ట్రారు రావడం ఏ విశ్వవిద్యాలయంలోనూ జరిగి ఉండదు. గొడుగు కిటికీ మూలన, పిడి తలుపు వైపు తిరిగి ఉంది. ఆయన దాని వైపు నడవలేదు. గది మధ్యలో నిలబడి గోడ రంగు చూస్తున్నారు.

"ఎండ చల్లబడ్డాక తీసుకెళ్దురు గాని, కూర్చోండి సార్" అని మంచినీళ్లు ఇచ్చాను.

కూర్చున్నారు. గ్లాసు పెట్టడానికి గీత ఎక్కడుందోనని టేబుల్ మీద వెతికి, లేకపోయేసరికి చేతిలోనే పట్టుకున్నారు. "ఈ మధ్య సరిగ్గా నిద్ర పట్టడం లేదు" అన్నారు.

పొద్దు వాలేదాకా మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో చెప్పడం నా ఉద్యోగ ధర్మం కాదు. ఆయన వెళ్లాక గది సర్దుతుంటే గొడుగు ఉన్నచోటే ఉంది. దాని పక్కన, తలుపు దగ్గర నిలబడితే స్పష్టంగా కనబడేలా, రిజిస్ట్రారు గారి కళ్లజోడు పొందిగ్గా మడిచి పెట్టి ఉంది.